కమాను వణుకు, శ్రుతి తప్పే వేళ్ళు: రోజుకు గంట సాధనలో ఏ చేతికి ఎంత?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. రెండున్నరేళ్ళుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నారు. తొలి పాఠాలైన అలంకారాలు, గీతాలు దాటి మోహన రాగంలోని వర్ణానికి వచ్చారు, రెండు శ్రుతిలో (పాశ్చాత్యుల D స్వరాన్ని 'స'గా పెట్టుకుని) వాయిస్తున్నారు. ఉద్యోగం వల్ల రోజుకు గంటకు మించి దొరకడం లేదు. కమాను (తీగల మీద నడిపే వెంట్రుకల కర్ర) సగానికి వచ్చేసరికి వణుకుతోంది, కొన దగ్గర నాదం సన్నబడుతోంది, బలం పెడితే గీర, అంటే గీకినట్టుండే కరకర శబ్దం, పుడుతోంది. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఎడమ చేతి వేళ్ళు శ్రుతి తప్పుతున్నాయి, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పట్టుబడడం లేదు. ఉన్న గంటలో ఏ చేతికి ఎంత సమయం ఇవ్వాలి, కొత్త కమాను కొంటే ఏమైనా మెరుగవుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

రెండు చేతులనూ విడదీసి సాధన చేయండి, అందులో మొదటి వంతు కమాను చేతికి ఇవ్వండి. గంటలో మొదటి ఇరవై నిమిషాలు ఎడమ చేతి వేళ్ళు తీగను తాకకుండా కమాను ఒక్కటే నడపండి. తరువాతి పదిహేను నిమిషాలు ఎడమ చేతికి ఇవ్వండి. ఆ పైన ఇరవై నిమిషాలు రెండూ కలిపి పాఠం వాయించి, చివరి ఐదు నిమిషాలు వాయించినది ఫోనులో విని చూసుకోండి. ఈ లెక్కను కనీసం ఆరు వారాలు మార్చవద్దు. మీరు చెప్పిన ఐదు లోపాలలో మూడు కుడి చేతివేనని నా అనుమానం. మీరు ఎడమ చేతి లెక్కలో వేసిన అపశ్రుతిలో కూడా కొంత భాగం కుడి చేతిదే అయి ఉంటుంది. కొత్త కమాను సంగతి చివర చెబుతాను.

నేను విజయనగరం వైపు నేర్చుకున్నవాడిని. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకూ, మీలాగా ఉద్యోగం చేస్తూ నేర్చుకునే పెద్దలకూ పాఠం చెబుతున్నాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం నుంచి వచ్చినదే. మీ గురువు గారు చెప్పినదానికి ఇది ఎక్కడైనా అడ్డు వస్తే ఆయన మాటే పాటించండి, ఎందుకంటే మీ చేతిని దగ్గరగా చూసినవారు ఆయన.

అపశ్రుతి కుడి చేతి నుంచి ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక విద్యార్థి సరిగ్గా మీలాంటి ఫిర్యాదుతోనే నా దగ్గరకు వచ్చారు. వేలు ఎంత జాగ్రత్తగా వేసినా గాంధారం కుంగుతోందని, తన చెవిలోనే లోపం ఉందేమోనని బెంగ పెట్టుకున్నారు. ఆయన వయొలిన్ ఆయన ఒడిలోనే ఉంచి, వేళ్ళు మాత్రం ఆయన్ను వేయమని, నేను ఎదురుగా కూర్చుని కమాను పట్టుకుని నడిపాను. అదే గాంధారం, అవే వేళ్ళు, స్వరం చక్కగా నిలబడింది. ఆయన కాసేపు వయొలిన్ వైపే చూస్తూ ఉండిపోయారు. ఈ పరీక్షను మీరూ మీ గురువు గారి సాయంతో ఒకసారి చేసి చూడండి. ఏ చేతిని అనుమానించాలో ఐదు నిమిషాలలో తేలిపోతుంది.

దీనికి కారణం నాదం పుట్టే తీరులోనే ఉంది. కమాను తీగను ఏకధాటిగా రుద్దుతున్నట్టు కంటికి కనిపిస్తుంది గానీ, రోజన్ (వెంట్రుకలకు రాసే గుగ్గిలం లాంటి జిగురు) పట్టిన వెంట్రుకలు తీగను కొంచెం దూరం తమతో లాక్కుపోతాయి, తీగ తట్టుకోలేక జారి వెనక్కి వస్తుంది, వెంట్రుకలు మళ్ళీ పట్టుకుంటాయి. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఈ కదలికను పరిశీలించి వివరించాడు. మీ రెండు శ్రుతిలో మధ్య షడ్జమం పలికే రెండో తీగ మీద ఈ పట్టు, విడుపు సెకనుకు సుమారు 294 సార్లు క్రమం తప్పకుండా జరగాలి. ఒత్తిడి మితిమీరితే తీగ సమయానికి జారలేకపోతుంది. అప్పుడు గీర పుడుతుంది, గీర పుట్టడానికి ముందే స్వరం కొద్దిగా కుంగుతుంది. ఒత్తిడి చాలకపోతే వెంట్రుకలు తీగను పట్టలేక ఈల లాంటి పీల శబ్దం వస్తుంది.

మన శ్రుతిలో ఇంకొక చిక్కు ఉంది. పాశ్చాత్య పద్ధతిలో ఇదే రెండో తీగను 440 దగ్గర బిగిస్తారు, మనం దాన్ని 294కు దించుకున్నాం. ఒకే తీగలో బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, అదే రకం తీగ వాడుతున్నట్లయితే మీ తీగలో ఉన్న బిగువు వాళ్ళ దానిలో సగం కూడా ఉండదు. అంత వదులు తీగ బరువైన కమానును తట్టుకోదు. యూట్యూబులో పాశ్చాత్య గురువులు కమానును తీగలోకి దింపమని చెప్పే సలహా వాళ్ళ తీగలకు సరిపోతుంది, మీ తీగకు అదే సలహా గీర తెచ్చిపెడుతుంది. ఐదు, ఐదున్నర శ్రుతిలో వాయించే అమ్మాయిలకు ఈ ఇబ్బంది తక్కువ.

ఇక కమాను చేతికి ఇచ్చే ఇరవై నిమిషాల సంగతి చెబుతాను.

ముందు స్క్రూ చూసుకోండి. మధ్య భాగంలో కర్రకూ వెంట్రుకలకూ నడుమ ఒక పెన్సిలు పట్టేంత సందు చాలు. చాలామంది విద్యార్థులు కర్ర నిటారుగా అయ్యేదాకా బిగిస్తారు. అప్పుడు కమాను సగం దగ్గర ఎగిరెగిరి పడుతుంది, వాళ్ళు దాన్ని తమ చేతి వణుకు అనుకుంటారు. మీ వణుకులో సగం ఇక్కడే పోతే ఆశ్చర్యపడవద్దు.

మిగతా సగం బొటనవేలిలో ఉంటుంది. కమాను పట్టుకుని అద్దంలో చూసుకోండి. బొటనవేలు కణుపు దగ్గర బయటికి వంగి ఉండాలి. నిటారుగా కర్రను తోస్తూ ఉంటే మణికట్టు బిగుస్తుంది, అది మోచేతికి, అక్కడి నుంచి భుజానికి పాకుతుంది. చిటికెన వేలు కర్ర మీద గుండ్రంగా వంగి ఉండాలి. పిడి దగ్గర వాయించేటప్పుడు కమాను బరువును మోసేది ఆ వేలే, కొన దగ్గర బరువు చేర్చేది చూపుడు వేలు. కమాను మొత్తం బరువు సుమారు 60 గ్రాములే అయినా, పిడి దగ్గర ఆ బరువులో ఎక్కువ భాగం తీగ మీద పడుతుంది, కొన దగ్గర చాలా తక్కువ పడుతుంది. మీ నాదం కొన దగ్గర సన్నబడడానికి ఇదే కారణం. దానికి విరుగుడుగా భుజంతో నొక్కవద్దు, ముంజేతిని కొంచెం లోపలికి తిప్పితే చూపుడు వేలు బరువు దానంతట అదే కర్ర మీదకు వస్తుంది. రోజూ మొదటి రెండు నిమిషాలు పెన్సిలును కమానులా పట్టుకుని, చిటికెన వేలు ఎత్తి దించడం, బొటనవేలిని వంచి చాపడం చేయండి. టీవీ చూస్తూ కూడా చేసుకోవచ్చు, గంటలో లెక్క వేయనవసరం లేదు.

తరువాత ఖాళీ తీగల మీద నిండు కమాను నడపండి. లెక్క కొట్టే మెట్రోనోమును నిమిషానికి 60 దగ్గర పెట్టి, తంబుర శ్రుతి వేసుకుని, రెండో తీగ మీద లాగడానికి ఎనిమిది లెక్కలు, తోయడానికి ఎనిమిది లెక్కలు తీసుకోండి. నాదం మొదటి లెక్కలో ఎంత ఉందో ఎనిమిదో లెక్కలో అంతే ఉండాలి. ఒక వారం అది నిలబడితే పన్నెండు లెక్కలకు, ఆ తరువాత పదహారుకు వెళ్ళండి. వాయించడానికి వీలైన వెంట్రుకల పొడవు సుమారు 65 సెంటీమీటర్లు కనుక, పదహారు లెక్కలంటే సెకనుకు నాలుగు సెంటీమీటర్ల నడక. అంత నిదానంలో చేతిలోని ప్రతి బిగుతూ బయటపడుతుంది, అందుకే మొదటి రోజే పదహారుకు ఎగబడవద్దు.

కమానును మూడు భాగాలుగా విడదీసి చేసే సాధన వణుకుకు నేరుగా మందు. కర్ర మీద రెండు చోట్ల సన్నని దారం చుట్టి మూడు భాగాలు గుర్తు పెట్టుకోండి. పిడి భాగంలో మాత్రమే పది సార్లు, మధ్యలో మాత్రమే పది సార్లు, కొనలో మాత్రమే పది సార్లు నడపండి. పెద్దలలో చాలామంది ఉన్న 65 సెంటీమీటర్లలో మధ్య ఇరవైతోనే ఏళ్ళ తరబడి కాలక్షేపం చేస్తారు. మిగతా రెండు భాగాలు చేతికి పరాయివిగా మిగిలిపోతాయి. వర్ణంలో ఒక దీర్ఘ స్వరం వచ్చి కమాను అక్కడి వరకూ వెళ్ళవలసి వస్తే చేయి తడబడుతుంది.

కమాను దారి తప్పడం మన కూర్చునే పద్ధతిలో మరీ ఎక్కువ. వయొలిన్ తల కుడి కాలి చీలమండ మీద ఆని, వెనక భాగం ఎదకు ఆని, వాయిద్యం మొత్తం కిందికి వాలి ఉంటుంది. ఆ వాలు వెంట కమాను నెమ్మదిగా ఫింగర్ బోర్డు (వేళ్ళు వేసే పలక) మీదికి జారుతుంది. తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జికీ ఫింగర్ బోర్డు అంచుకూ మధ్య ఉండే ఐదారు సెంటీమీటర్లలోనే కమాను ఉండాలి, అందులోనూ ఒకే చోట, బ్రిడ్జికి సమాంతరంగా నడవాలి. ఫోనును మీ కుడి పక్కన, వయొలిన్ ఎత్తులో పెట్టి రెండు నిమిషాలు వీడియో తీసుకుంటే మీ దారి మీకే కనిపిస్తుంది. నేను చూసినంత వరకు, కమాను కొనకు వెళ్ళే కొద్దీ మోచేయి వెనక్కి పోవడం వల్ల దారి వంకర అవుతుంది. కమాను సగం దాటాక మోచేయి తెరుచుకుంటూ చేయి ముందుకు సాగాలి.

తీగ మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. నాలుగు తీగలకూ మోచేతికి నాలుగు ఎత్తులు ఉంటాయి. రెండు నుంచి ఒకటికి, రెండు నుంచి మూడుకు, ఖాళీ తీగల మీద, ఒకే కమానులో నాలుగేసి సార్లు వెళ్ళి రండి. మణికట్టుతో గిలకరించకుండా మోచేతి ఎత్తు మార్చండి.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) వాదనం గురించి మాట్లాడే వారెవరైనా ముందు ఆయన పొడుగు కమానును తలుచుకుంటారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా, నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో నాయుడు గారే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. మా ప్రాంతంలో పాఠం నేర్చుకున్న వాళ్ళకు నిండు కమాను మీద ఉండే మక్కువ అక్కడి నుంచి వచ్చినదే, నాకు కొంత పక్షపాతం ఉందని కూడా అనుకోండి. ఆయన రికార్డులు దొరుకుతాయి. వినేటప్పుడు రాగాన్ని కాసేపు పక్కన పెట్టి, కమాను తిరిగే చోటు ఎక్కడ ఉందో వెతకండి. చాలాసార్లు దొరకదు.

ఇప్పుడు ఎడమ చేయి. చాలామంది వేళ్ళ బలం గురించి అడుగుతారు గానీ, ఈ చేతికి బలం కంటే వదులు ముఖ్యం. మామూలుగా వాయిస్తూ, స్వరం నిలబడి ఉండగా బొటనవేలిని వయొలిన్ మెడ నుంచి తీసేయండి. మన పద్ధతిలో వాయిద్యాన్ని మోసేది చీలమండ, ఎద. బొటనవేలు తీసినా వయొలిన్ కదలకూడదు. జారిపోతే మీరు ఇన్నాళ్ళూ బొటనవేలితో దాన్ని పట్టుకుంటున్నారని అర్థం, పట్టుకున్న చేయి గమకంలో జారలేకపోతుంది. ఈ ఇబ్బంది తరచుగా కూర్చునే తీరు వల్ల వస్తుంది. సన్నని పరుపు మీద కూర్చుని, చీలమండ ఎముక మీద నాలుగు మడతలు పెట్టిన చేతిరుమాలు వేసుకోండి. ఒక కుర్రాడు పాఠానికి ఎప్పుడూ బిగుతు జీన్సు వేసుకుని వచ్చేవాడు, కాలు సరిగా మడవక వయొలిన్ తల ఆనే చోటు కుదిరేది కాదు. పైజామాకు మారిన వారానికి అతని ఎడమ చేయి మారిపోయింది, నేను కొత్తగా చెప్పినది ఏమీ లేదు.

వేలు ఎంత నొక్కాలో తెలుసుకోవడానికి తీగను ముందు ఊరికే తాకించండి, ఏదో ఈల లాంటి శబ్దం వస్తుంది. కమాను నడుస్తూ ఉండగానే కొద్ది కొద్దిగా బరువు పెంచండి. నాదం స్పష్టమైన చోట ఆగండి. ఆపైన నొక్కినదంతా వృథా. వదులు తీగ మీద అతిగా నొక్కినా, పక్కకు లాగినా స్వరం పైకి పోతుంది. కమాను ఒత్తిడి కిందికి లాగుతుంటే వేలి ఒత్తిడి పైకి తోస్తుంది, చెవి పాపం ఎటు సవరించాలో తెలియక తికమక పడుతుంది.

స్థానాల గురించి కొన్ని అంకెలు చెబుతాను, చాలామంది వీటిని ఒక్కసారైనా కొలిచి చూసుకోరు. పెద్దల వయొలిన్‌లో తీగ పలికే పొడవు సుమారు 32.5 సెంటీమీటర్లు. మొదటి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో శుద్ధ రిషభం తీగలు ఆనే పై గట్టు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో, అంతర గాంధారం 6.5 దగ్గర, శుద్ధ మధ్యమం 8.1 దగ్గర ఉంటాయి. పంచమానికి బిగించిన ఒకటో తీగ మీద ధైవతం, నిషాదం, తార షడ్జమం (పై స్థాయి 'స') సరిగ్గా అవే చోట్ల పడతాయి. మోహనంలో రిషభం 3.6 దగ్గరకు వెళుతుంది, ధైవతం కూడా అంతే. మీ అపశ్రుతి ఎక్కడ ఉందో నేను ఊహించగలను. మాయామాళవగౌళలో ఏళ్ళ తరబడి మూడో వేలు తార షడ్జమానికి వెళ్ళేటప్పుడు రెండో వేలు పక్కనే నిషాదం మీద ఆసరాగా ఉండేది. మోహనంలో నిషాదం లేదు. ధైవతం నుంచి షడ్జమానికి నాలుగున్నర సెంటీమీటర్లు మూడో వేలు ఒంటరిగా చాపుకోవాలి. రెండో కాలంలో అది అందుకోలేక షడ్జమం తక్కువలో పడుతుంది. అవునో కాదో రికార్డింగులో విని చూడండి. అవునైతే 'దస, దస' అన్న జంటను ఒక్కదాన్నే రోజుకు మూడు నిమిషాలు, ఒకటో కాలంలో వాయించండి. ఆ చోట వర్ణం మొత్తం పదిసార్లు వాయించడం వల్ల ప్రయోజనం లేదు.

తార స్థాయిలోకి పోయే కొద్దీ ఈ దూరాలు కుంచించుకుపోతాయి, ఒక స్థాయి పైకి వెళితే సగం అవుతాయి. కింద 2 సెంటీమీటర్లు ఉన్న షడ్జ రిషభాల ఎడం పైన సెంటీమీటరే ఉంటుంది. కాబట్టి పై స్థాయికి వేళ్ళను వేరే కొలతతో మళ్ళీ మొదటి నుంచి అలవాటు చేయాలి.

వయొలిన్‌కు వీణలాగా మెట్లు లేకపోయినా సాక్ష్యం చెప్పేవి ఉన్నాయి. ఒకటో తీగ మీద తార షడ్జమం సరిగ్గా పడితే, మీరు తాకని రెండో తీగ తనంతట తాను వణుకుతుంది. పక్క నుంచి వెలుతురు పడేలా కూర్చుంటే ఆ వణుకు కంటికి కనిపిస్తుంది. రెండో తీగ మీద నాలుగో వేలితో పంచమం వేస్తే ఒకటో తీగ కదులుతుంది. శ్రుతిపెట్టె కంటే, తెర మీద ముల్లు చూపించే ట్యూనర్ యాప్ కంటే నేను దీన్ని నమ్ముతాను. ముల్లు చూస్తూ సాధన చేసిన పిల్లల చెవి ముల్లు లేనప్పుడు దారి తెలియక ఆగిపోవడం చూశాను.

గమకానికి కూడా కాలం ఉంది. మీకు గమకం పట్టుబడకపోవడానికి కారణం దాన్ని చేతి వణుకుగా భావించడమేనని అనుకుంటున్నాను. అమెరికాలో పుట్టి పెరిగిన ఒక కుర్రవాడికి వీడియోలో పాఠం చెబుతున్నాను. బడిలో ఆర్కెస్ట్రాలో గడ్డం కింద వయొలిన్ పెట్టుకుని నిలబడి వాయిస్తాడు, మంచి వైబ్రాటో ఉంది. శంకరాభరణ మధ్యమం దగ్గర కూడా అదే వైబ్రాటో పెట్టేవాడు. వైబ్రాటోలో వేలు ఒకే స్థానంలో ఉండి దాని చుట్టూ సన్నగా కదులుతుంది, స్వరం మారదు. ఈ మధ్యమంలో వేలు గాంధారం నుంచి లేచి పంచమం అంచు తాకి వస్తుంది. ఆ రెండు స్థానాల మధ్య నాలుగు సెంటీమీటర్లకు పైగా దూరం ఉంది. అది ప్రయాణం, వణుకు కాదు. అతన్ని మధ్యమం మాట మరచిపోయి 'గ, ప, గ, ప' అని ఒకే వేలితో జారుతూ, 60 దగ్గర లెక్కకు ఒక స్వరం చొప్పున, కమాను ఆపకుండా వాయించమన్నాను. వారం తరువాత లెక్కకు రెండు, ఆ పైన నాలుగు. నాలుగుకు వచ్చేసరికి మధ్యమం తానే వినిపించింది. 'ఓ, ఇదా!' అన్నాడు వాడు. మీరూ ఏ గమకాన్నైనా ఇలా రెండు కొనలూ తెలుసుకుని, నిదానంగా నడిపి, తరువాత వేగం పెంచండి. ఈ సాధనలో కమాను చేతిని గమనిస్తూ ఉండండి, ఎడమ వేలు జారిన ప్రతిసారీ కుడి చేయి కూడా దానితో పాటు ఊగడం అందరికీ ఉండే దురలవాటు.

జంట స్వరాలను వదిలేశారా? వదిలేస్తే మళ్ళీ తీసుకోండి. 'సస రిరి గగ' లో రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి తాకి కొట్టే స్ఫురితమే తరువాత వచ్చే చాలా గమకాలకు పునాది. వేళ్ళు చురుకుగా పైకి లేవడం అక్కడే వస్తుంది.

వేళ్ళు జారడానికి చాలామంది వేలి కొనలకు కొబ్బరి నూనె రాసుకుంటారు, నేనూ రాసుకుంటాను. ఒక చుక్కను మూడు వేళ్ళకు సరిపెట్టాలి. ఆ వేళ్ళతో కమాను వెంట్రుకలను మాత్రం ఎప్పుడూ తాకవద్దు, నూనె అంటిన చోట రోజన్ పట్టదు, అక్కడ తీగ పలకదు. కొందరు శిష్యులు పాఠం ముగిశాక కమానును ఎడమ చేత్తో వెంట్రుకలు పట్టుకుని ఎత్తుతారు, ఆ దృశ్యం చూసినప్పుడల్లా నా ప్రాణం విలవిలలాడుతుంది.

రెండు చేతులూ కలిపే ఇరవై నిమిషాలలో వర్ణం మొత్తం వాయించవద్దు. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), లేదా దానిలో సగం తీసుకోండి. సాహిత్యం ఉన్న చోట కమానును అక్షరాన్ని బట్టి మార్చండి. 'నిన్నుకోరి' అని మీరు పాడేటప్పుడు మాట ఎక్కడ విరుస్తారో, కమాను అక్కడే తిరగాలి. అక్షరం మధ్యలో, గమకం మధ్యలో కమాను తిరిగితే పదం ముక్కలవుతుంది. అందుకని ముందు నోటితో పాడి, తరువాత వాయించండి. మూడు కాలాలూ రోజూ చేయాలన్న నియమం పెట్టుకోకండి. ఒకటో కాలంలో శ్రుతి నిలబడని చోటు మూడో కాలంలో నిలబడదు, వేగం దాన్ని కప్పిపెడుతుంది అంతే.

పాశ్చాత్య అభ్యాసాలు చేయవచ్చా అని చాలామంది అడుగుతారు, మీకూ ఆ ఆలోచన రావచ్చు. చెక్ దేశపు గురువు ఒటకార్ షెఫ్చిక్ (1852–1934) కమాను చేతికి వేరుగా, ఎడమ చేతికి వేరుగా వందల కొద్దీ అభ్యాసాలు రాశాడు. చేతులను విడదీసి చూడడం మన ఒక్కరి ఆలోచన కాదన్నమాట. కమానుకు సంబంధించిన వాటిని ఖాళీ తీగల మీద చేసుకుంటే లాభమే. ఎడమ చేతివి మాత్రం వాళ్ళ శ్రుతికి, వాళ్ళు పట్టుకునే తీరుకు కట్టినవి, వాటిని నేను ఎవరికీ ఇవ్వను.

నొప్పి గురించి ఒక హెచ్చరిక. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక కచేరీకి ముందు రోజుకు నాలుగు గంటలు, బిగుసుకున్న కుడి బొటనవేలితో సాధన చేశాను. మణికట్టు మొదట గుంజింది, నేను పట్టించుకోలేదు. ఆ తరువాత నెలన్నర కమాను ముట్టలేకపోయాను, కచేరీ వేరొకరు చేశారు. కండరాలు అలసినట్టు ఉంటే పది నిమిషాలు విశ్రాంతి చాలు. పోటు, తిమ్మిరి, వేళ్ళ మొద్దుబారడం ఉంటే ఆ రోజుకు వయొలిన్ మూసేసి, అది మళ్ళీ మళ్ళీ వస్తుంటే వైద్యుణ్ణి కలవండి. ఇరవై నిమిషాలకు ఒకసారి కమాను కింద పెట్టి చేతులు విదిలించుకోవడం కంప్యూటరు ముందు రోజంతా కూర్చునే మీకు మరీ అవసరం.

చివరగా కొత్త కమాను. ఇప్పుడే కొనవద్దు. ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. వెంట్రుకలు వదులు చేసి, పిడి వైపు నుంచి కర్ర పొడవునా ఒక కన్ను మూసి చూడండి. పక్కకు వంగి ఉంటే అది మార్చవలసిన కమానే, సాధనతో దాని వణుకు పోదు. కర్ర తిన్నగా ఉండి, వెంట్రుకలు ఒక పక్క పలచబడి ఉంటే, లేదా రోజన్ రాసినా తీగను పట్టకపోతే, వెంట్రుకలు మార్పించండి. మార్పించి రెండేళ్ళు దాటితే ఎలాగూ సమయం అయినట్టే. వాయించడం పూర్తయ్యాక ప్రతిరోజూ స్క్రూ వదులు చేసి, తీగల మీద, వయొలిన్ పొట్ట మీద పడిన రోజన్ పొడిని పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. ఆరు వారాల తరువాత కూడా మధ్యలో వణుకు అలాగే ఉంటే, మీ గురువు గారి కమానుతో ఒక పాఠం వాయించి చూడండి. ఆ కమానుతో కూడా వణికితే కొత్తది కొనే డబ్బు మిగిలినట్టే.